అయిదక్షరాల మాట

మా పంతులమ్మ పోయిందన్న కబురు మా నాయనే మోసుకొచ్చాడు. నేను చిత్తూరులో పాఠాలు చెప్పే బడి గేటు ముందు, మిట్టమధ్యాహ్నం, చేతిలో సంచీ కూడా లేకుండా నిలబడి ఉన్నాడు. పనిరోజున మగ్గం దిగి ఊరు దాటే మనిషి కాదు ఆయన. చూడగానే మా అవ్వకు ఏమైనా అయిందేమో అనుకున్నాను.

"అవ్వ బాగుండాది," అన్నాడు నా మొహం చూసి. తలగుడ్డ విప్పి చేతిలో పట్టుకున్నాడు. "మీ పంతులమ్మ పోయిందమ్మా. ఈ పొద్దు తెల్లారేతలికి. జొరం తగ్గతా ఉండాదనే అనుకుంటిమి. రా, బస్సుండాది, పోదాం."

బస్సు కార్వేటినగరం దాటిన తరువాత ఆయన బయటికి చూస్తూ, "నా ఇంట్లోకొచ్చి నన్నే ఎదిరించి మాట్లాడిన మనిషి ఆ యమ్మ ఒకతే," అన్నాడు. ఆ గొంతులో ఫిర్యాదు లేదు.

ఈ నాలుగు మాటలు రాయడానికి దుఃఖం ఒక్కటే కారణమైతే నాలోనే దాచుకునేదాన్ని. ఆమెను మట్టిచేసిన కొద్దిరోజులకు మా నగరిలో సంతాపసభ పెట్టారు. వేదిక మీద ఒక పెద్దమనిషి ఆమెను తెల్లదొరల మీద కత్తి దూసిన వీరనారి అన్నాడు. పందిరి బయట తాంబూలం నములుతూ ఇంకో పెద్దమనిషి, పొగరుతో ఉద్యోగం పోగొట్టుకున్న మొండిది అన్నాడు. రెండు మాటలూ నేను విన్నాను. రెండూ ఒప్పుకోను. ఆమె బతికి ఉంటే ఒప్పుకునేది కాదు. అందుకే జరిగింది జరిగినట్టు మీకు చెబుతాను. చదివి మీరే ఒక మాట అనుకోండి.

మాది నగరిలో నేతగాళ్ల వీధి. పంతులమ్మ మా వైపు మనిషి కాదు. పులికాట్ ఒడ్డున పడవలు నడిపే వాళ్ల బిడ్డ. కిరస్తానీలు. మిషను బడిలో చదువుకుంది. పెళ్లయిన కొంతకాలానికే భర్త పోతే, పుట్టింట్లో కూర్చోకుండా శిక్షణ పూర్తిచేసి జిల్లా బోర్డు వారు నడిపే మా ఆడపిల్లల బడికి ఇంగ్లీషు చెప్పడానికి వచ్చింది. పొడుగ్గా, నల్లగా ఉండేది. తెల్ల చీర, మగవాళ్లు పట్టుకునే పెద్ద నల్ల గొడుగు. మా ఊరి ఆడవాళ్లలో అప్పట్లో గొడుగు పట్టుకున్నది ఆమె ఒక్కతే. "ఏమమ్మా, దొరసానివా?" అని ఎవరో వెక్కిరిస్తే, "ఎండ దొరసానికొకటి, నాకొకటి కాస్తా ఉండాదా?" అని అడిగి ఆగకుండా వెళ్లిపోయిందట.

నేను ఆమె తరగతిలో చేరేసరికి యుద్ధం నడుస్తోంది. కాగితం దొరకదు. పుస్తకాలు రావు. తరగతి మొత్తానికి ఒకటే ఇంగ్లీషు వాచకం, అదీ అట్ట ఊడింది. దానికి తోడు మా వీధి పిల్లలం రోజూ బడికి వచ్చే రకం కాదు. ఇంట్లో మగ్గం నాడెలోకి నూలు కండెలు చుట్టి ఇచ్చేది మేమే. పండగ ముందు నేత ఎక్కువైతే బడి ఎగ్గొట్టేవాళ్లం. మళ్లీ వచ్చేసరికి పాఠం ఎక్కడికో వెళ్లిపోయి ఉండేది. మిగతా టీచర్లు మమ్మల్ని వెనక వరసలో కూర్చోబెట్టి మరిచిపోయేవాళ్లు.

పంతులమ్మ పాఠాన్నే మార్చేసింది. వాచకం మూసి బీరువాలో పెట్టింది. బోర్డు మీద రోజుకో పట్టీ రాసేది. ఆ పట్టీలో మాటలన్నీ ఒకే పొడుగు, చివరి అక్షరం ఒకటే. "పొడుగొకటే, తోకొకటే. మిగిలింది మీరు ఎతుక్కోండి," అనేది. నాలుగక్షరాలు, చివర కె అంటే బుక్, కుక్, లుక్ అని ముందు వరస పిల్లలు అరిచేవాళ్లు. వెనకనుంచి మా వీధి పిల్ల ఒకతి సిల్క్ అంది. ఇంకొకతి వర్క్ అంది. పంతులమ్మ ఆ రెండు మాటలూ మిగతావాటికన్నా పెద్ద అక్షరాలతో రాసింది. వారం రోజులు బడి మానేసి వచ్చినా, ఒక్క పట్టీ పట్టుకుంటే తరగతిలో కలిసిపోవచ్చు. మేము వెనకబడకుండా ఆమె కనిపెట్టిన ఉపాయం అది.

ఒకరోజు నాలుగక్షరాలు, చివర ఇ. కమ్, సమ్, హోమ్ అని రాసింది. నాకు ఒళ్లు మండింది. లేచి నిలబడి, "మొదటిది కమ్ అయితే మూడోది హమ్ కావాల కదమ్మా? హోమ్ ఎట్లయింది? ఇదేం న్యాయం?" అని అడిగాను.

ఆమె సుద్దముక్క బల్ల మీద పెట్టి పెద్దగా నవ్వింది. "న్యాయం లేదు పాపా. నాకూ తెలుసు. నేనూ అడిగినా, నాకూ ఎవురూ చెప్పలా. ముందు నేర్చుకో, తరవాత కొట్లాడు. నేర్చుకోకుండా కొట్లాడితే వాళ్లు నవ్వతారు. నేర్చుకోని కొట్లాడితే వాళ్లకు నవ్వు రాదు."

ఆ మాట ఆమె నాతో ఎన్నిసార్లు అందో లెక్కలేదు.

ఆ ఏడే మా నాయన నన్ను బడి మాన్పించాడు. పనికి చేతులు చాలడం లేదు. రెండు రోజులు నేను కనబడకపోయేసరికి పంతులమ్మ గొడుగు పట్టుకుని మా ఇంటికే వచ్చింది. నాయన మగ్గం గుంటలో కూర్చుని నేస్తున్నాడు, లేవలేదు.

"ఇంగిలీసు నేరిస్తే కండెలు వాటంతట అవే సుట్టుకుంటాయా?" అన్నాడు నాడె ఆపకుండా.

"చుట్టుకోవు. మీ పాప చుడతాది. చుడతానే చెప్తాది, చూడండి," అని నా వైపు తిరిగింది. "మూడక్షరాలు, చివర ఎన్."

నేను రాట్నం తిప్పుతూనే మొదలుపెట్టాను. మేన్, పెన్, సన్, టెన్, రన్, గన్. రాట్నం ఆగలేదు. నేను కూడా ఆగలేదు. నాయన నాడె ఆపి విన్నాడు. ఎంతసేపటికీ నేను ఆపకపోతే, "సాల్లే," అన్నాడు. కాసేపటికి మళ్లీ, "పని ఆగకుంటే సరే. పోనీ పొద్దున పూట పంపిస్తా," అన్నాడు.

"పొద్దుటి పూట ఇంగ్లీషు లేదు. సాయంత్రం పంపించండి," అంది ఆమె. కృతజ్ఞతగా ఒక మాట అయినా అనలేదు. అడగవలసింది ఇంకా ఉందన్నట్టు నిలబడింది. నాయన చివరికి రెండు పూటలా పంపాడు.

తరువాతి ఏడు ఆగస్టులో దేశ నాయకులందరినీ జైళ్లలో పెట్టారు. రైలు పట్టాలు పీకేశారని, తంతి తీగలు కోసేశారని రోజుకో కబురు. మా చిన్న ఊళ్లో కూడా కానిస్టేబుళ్లు లాఠీలు పట్టుకుని తిరిగేవాళ్లు. మా పంతులమ్మకు ఆ గొడవలతో ఏ సంబంధమూ లేదు. ఇది ఆ వేదిక మీది పెద్దమనిషి వినాలి. ఆమె ఖద్దరు కట్టలేదు, ఊరేగింపులో నడవలేదు. మాకు పట్టీలు నేర్పడమే ఆమె పని.

అప్పుడు మేము అయిదక్షరాల మాటలకు వచ్చాం. చివర టి. లైట్, నైట్, సైట్, రైట్, టైట్, మైట్, ఎయిట్, ఫైట్. ఈ మాటల నడుమ జి, ఎచ్ అని రెండక్షరాలు కూర్చుని ఉంటాయి, నోటికి రావు. "రాయాలి, పలకకూడదు," అని బల్ల మీద కొట్టి కొట్టి చెప్పింది. మేము గొంతు చించుకుని చదువుతున్నాం. ఆ అరుపుల మధ్యలోకి చిత్తూరునుంచి స్కూళ్ల ఇన్‌స్పెక్టరు వచ్చాడు. వెనక మా హెడ్మాస్టరు, గుమ్మం బయట ఒక కానిస్టేబులు.

ఇన్‌స్పెక్టరు బోర్డు వైపు చూశాడు. "రైట్, మైట్, ఫైట్," అని మెల్లగా చదివాడు. "హక్కు, బలం, పోరాటం. ఏమండీ, ఇక్కడ బడి జరుగుతోందా, సభ జరుగుతోందా?"

"బడే సార్. అయిదక్షరాల మాటలు, టి తో అయిపోయేవి."

"ఈ మాటలే దొరికాయా?"

"నైట్, టైట్, ఎయిట్ కూడా ఉండాయి సార్. రాత్రి, బిగువు, ఎనిమిది. వాటితో ఏం సభ జరుగుతాది?"

మాలో ఎవరో కిసుక్కున నవ్వారు. ఆయన మొహం ఎర్రబడింది. "ఫైట్ అన్న మాట తుడిచెయ్యండి," అన్నాడు.

"ఎందుకు సార్? స్పెల్లింగు తప్పుందా? తప్పుంటే చెప్పండి, ఇప్పుడే దిద్దుతా."

హెడ్మాస్టరు ఆమెకు కళ్లతోనే దండం పెడుతున్నాడు. ఇన్‌స్పెక్టరు తానే గుడ్డ తీసుకుని ఆ ఒక్క మాట తుడిచాడు. పట్టీ చివర తెల్లటి మరక మిగిలింది. ఆయన చెయ్యి దులుపుకోకముందే పంతులమ్మ సుద్దముక్క తీసుకుని అదే చోట అదే మాట మళ్లీ రాసింది. ఎఫ్, ఐ, జి, ఎచ్, టి. తొందరపడలేదు. రోజూ ఎంత గుండ్రంగా రాస్తుందో అంత గుండ్రంగా రాసింది. ఆయన మళ్లీ తుడిచాడు. ఆమె మళ్లీ రాసింది. గుమ్మంలో కానిస్టేబులు కూడా లోపలికి తొంగి చూశాడు. అతన్ని చూసేసరికి ఇన్‌స్పెక్టరు గుడ్డ బల్ల మీద పెట్టేశాడు. ఆయనకు మామీద కోపం కన్నా తన వెనక నిలబడ్డవాడి భయం ఎక్కువని నాకు ఆ వయసులోనే అర్థమయింది.

"తప్పయిందని ఒక్క ముక్క రాసివ్వండి. ఇంతటితో వదిలేస్తాను," అన్నాడు గొంతు తగ్గించి.

"లేని మాట రాసుంటే తప్పయిందని రాసిస్తా సార్. ఇది ఉండే మాట. దీన్ని తీసేస్తే పట్టీ అబద్ధమవతాది. పిల్లలకు అబద్ధం నేర్పించలేను."

సాయంత్రం హెడ్మాస్టరు ఆమెను వరండాలో నిలబెట్టి బతిమాలాడు. ఆయన మంచివాడే. "అమ్మా, ఆ మాట బదులు ఇంకోటి రాసుకో. ఇంగ్లీషులో మాటలకు కరువా?"

"పక్కన ఎన్నైనా రాస్తా సార్. దాన్ని తీసేసి రాయను."

నెల తిరగకముందే ఆమెను ఉద్యోగంలోంచి తీసేశారు. ఆమె అద్దెకున్న ఇంటివాళ్లు, పోలీసులు వస్తారని భయపడి ఖాళీ చెయ్యమన్నారు. ఆమె మతంవాళ్లు మా ఊళ్లో కొన్ని ఇళ్లే. వాళ్ల సంఘం పెద్దలు, ఉండేదే కొద్దిమందిమి, మాకు గొడవలు తేవద్దని చెప్పి తలుపు దగ్గరే మాట్లాడి పంపేశారు. పులికాట్‌లో అన్నదమ్ములు ఉన్నారు, అక్కడికి వెళ్లిపోతుందని అందరూ అనుకున్నారు. వెళ్లిపోతే ఊరికి నెమ్మది.

ఆ రోజుల్లో నూలు దొరక్క మా వీధిలో మగ్గాలు ఒక్కొక్కటే ఆగిపోతున్నాయి. మా రెండో మగ్గం ఉన్న కొట్టం ఖాళీగా పడి ఉంది. నాయన ఎవరితోనూ చెప్పకుండా, అవ్వనూ అమ్మనూ అయినా అడగకుండా పంతులమ్మ ఇంటికి వెళ్లాడు. నేను వెంట ఉన్నాను.

"మా కొట్టం ఖాళీగా ఉండాదమ్మా. సామాను ఎత్తుకోని రా."

ఆమె నమ్మలేనట్టు చూసింది. "పోలీసులు వస్తే?"

"వస్తే తిన్నె మీద కూసోబెడతా. మంచినీళ్లిస్తా. నువ్వు తప్పు చేసుంటే ఆ పొద్దే తుడిచేసుందువు. తుడసలేదు కాబట్టి తప్పు లేదు. నాకు అంతమాత్రం తెలస్తాది."

అలా మా పంతులమ్మ మా ఇంట్లోకి వచ్చింది. మొదటి వారమే అవ్వతో యుద్ధం. మా ఇంట్లో నీచు వండరు. ఆమె పులికాట్ మనిషి, ఎండుచేప లేకుండా ముద్ద దిగదు. కొట్టంలోంచి వాసన రాగానే అవ్వ కొంగు ముక్కుకు పెట్టుకుని వెళ్లి గుమ్మంలో నిలబడింది.

"ఇది మా వీధి. ఇట్లాంటిది ఈడ జరగదు."

"తలుపు మూసుకోని వండుకుంటా పెద్దమ్మా. మానుకోమంటే మానుకోను. నన్ను పొమ్మంటే పోతా. నా కూడు మార్చుకోమంటే మార్చుకోను."

అవ్వ మూడు రోజులు మాట్లాడలేదు. నాలుగో రోజు పొద్దున కొట్టం ముందు నిలబడి, "సింతపండు తక్కువేస్తా ఉండావు. వాసనలోనే తెలస్తా ఉండాది," అంది. మధ్యాహ్నం ఒక దొప్పలో చింతపండు పంపింది. ఆ తరువాత వాళ్లిద్దరూ రోజూ పోట్లాడుకున్నారు, ఒక్కరోజు కూడా విడిచి ఉండలేకపోయారు.

పొద్దున బడికి వెళ్లి లెక్కలు, తెలుగు చదువుకుని, సాయంత్రం కొట్టానికి వచ్చేవాళ్లం. మగ్గం గుంట అంచున వరసగా కాళ్లు వేలాడేసి కూర్చునేవాళ్లం. ఆమె గోడ మీద బొగ్గుతో రాసేది. కొట్టంలో మొదటి రోజు అయిదక్షరాలు, చివర ఎచ్. క్లాత్ అని నేను అన్నాను. మౌత్, టూత్, మంత్, టీచ్ వచ్చాయి. ట్రూత్ ఎవరికీ రాలేదు, ఆమే రాసింది. మొదట మా వీధి పిల్లలమే. తరువాత బ్రాహ్మల వీధి పిల్లలు ఇద్దరు, వాళ్ల తల్లులు చూడకుండా వచ్చారు. తరువాత ఆ తల్లులే వచ్చారు.

ఇది బయటికి పొక్కింది. కొట్టంలో చదివే పిల్లల పేర్లను ఎనిమిదో తరగతి పరీక్షకు పంపబోమని బడిలో చెప్పేశారు. ఉద్యోగం పోయినప్పుడు చెక్కుచెదరని మనిషి, ఆ మాట విని గోడకు ఆనుకుని కూర్చుండిపోయింది. "నామీద కోపం నామీద తీర్చుకోవచ్చు కదా," అంది. ఆ సాయంత్రం గోడ మీద పట్టీ రాయలేదు. మేము ఏడుపు మొహాలు పెట్టాం. మరునాడు, పెట్రోలు కరువుకు బొగ్గుతో నడిపే బస్సు ఎక్కి, ఆ ఇన్‌స్పెక్టరును కలవడానికి చిత్తూరు వెళ్లింది. ఒంటరిగా పంపకూడదని నాయన కూడా వెళ్లాడు. అక్కడ జరిగిందంతా తిరిగి వచ్చి ఆయనే మాకు చెప్పాడు.

"ఆఫీసు బంట్రోతు లోపలికి పోనీలేదు. ఈ యమ్మ వాకిట్లోనే గొడుగు తెరుసుకోని కూసుండె. ఎండ మొగం మీద కొడతా ఉంటే గొడుగు తిప్పుకోనేది, లేసేది లేదు. పొద్దుగూకులూ ఉన్నాం. ఆ సారు ఎనకదోవన ఎళ్లిపోయినాడు. సత్రంలో పడుకోని మళ్లీ పొద్దున్నే పోయినాం. ఆయన జట్కా దిగతానే ఈ యమ్మ ఎదురుగా పోయి నిలబడింది. 'నువ్వు పాఠం సెప్పకూడదని ఉత్తరువుండాది కదమ్మా,' అన్నాడు. 'బడిలో సెప్పకూడదని ఉండాది సార్. మగ్గం గుంటలో సెప్పకూడదని యాడుండాదో సూపించండి,' అనె. ఆయప్ప నెత్తి పట్టుకున్నాడు. 'నన్ను ఇబ్బంది పెట్టొద్దు, నాకూ పిల్లలుండారు,' అన్నాడు."

"అప్పుడేమన్నాది?" అని అవ్వ ముందుకు వంగింది.

"'తెలుసు సార్,' అనింది. 'మీ పిల్లలు పరీచ్చలకు పోతా ఉండారు కదా సార్?' అని అడిగింది. అంతే. ఇంకో మాట అన్లా. ఆయన శానాసేపు జట్కా చక్రం దిక్కే సూసినాడు. 'పేర్లు పంపమని సెప్తాలే, ఎళ్లండి,' అనేసి లోపలికి పోయినాడు. ఈ యమ్మ నమస్కారం పెట్టింది. ఆయన ఎనక్కి తిరిగి సూడనేలా."

పేర్లు వెళ్లాయి. మాలో ఒక పిల్లకు పరీక్షకు కొన్నాళ్ల ముందే పెళ్లి చేశారు. పంతులమ్మ పెళ్లికి వెళ్లి, అక్షింతలు వేసి, పీటల మీదున్న పెళ్లికొడుకునే నేరుగా అడిగింది: "నాయనా, పరీక్ష రోజుకి పంపిస్తావా?" మగపెళ్లివారు నివ్వెరపోయారు. పెళ్లికొడుకు సిగ్గుపడి తలూపాడు. తలూపిన మాట నిలబెట్టుకున్నాడు. తానే బండి కట్టుకుని పరీక్ష పెట్టిన పుత్తూరుకు తీసుకొచ్చి, అది అయ్యేదాకా బయట కూర్చున్నాడు. ఆ పిల్ల పాసయింది. నేను కూడా పాసయ్యాను. మా పక్కింటి పిల్ల లెక్కల్లో పోయింది. పోయిందని తెలిసిన సాయంత్రమే పంతులమ్మ ఆ పిల్లను కొట్టానికి పిలిపించి, "ఏడవడం అయిపోయిందా? అయితే పలక తీ," అంది.

స్వరాజ్యం వచ్చింది. ఊళ్లో కొత్త పెద్దలు వచ్చారు. ఒకరోజు నలుగురు దండ పట్టుకుని మా కొట్టానికి వచ్చారు. ఉద్యమంలో పాల్గొన్నందుకు ఉద్యోగం పోయినవాళ్లకు మళ్లీ ఉద్యోగాలు ఇప్పిస్తున్నారట. ఉద్యమం కోసమే ఆ మాట బోర్డు మీద రాశానని సంతకం చేస్తే చాలు, సన్మానం కూడా చేస్తామన్నారు. నేను టీచరు శిక్షణ సెలవులకు ఇంటికి వచ్చి ఉన్నాను. ఆమె అప్పటికే పదే పదే దగ్గుతోంది. ఉద్యోగం వస్తే ఎంత బాగుంటుందోనని నాకు ఆశ పుట్టింది.

ఆమె వాళ్లకు మంచినీళ్లిచ్చింది. "అయ్యా, నేను ఉద్యమం కోసం రాయలా. పట్టీ కోసం రాసినా. అయిదక్షరాలు, చివర టి. అందుకని రాసినా," అంది.

"అదెవరికి తెలుసమ్మా? ఒక్క సంతకం."

"నాకు తెలుసు. ఆ పొద్దు ఒక్క అబద్ధం రాసిచ్చుంటే ఉద్యోగం నిలబడేది. ఇప్పుడొక అబద్ధం రాసిస్తే మళ్లీ వస్తాది. ఆ ఇన్‌స్పెక్టరు కోసం రాయనిది మీకోసం యాడ రాసేది? నిజంగా జైలుకు పోయినోళ్లు ఉండారు, దండ వాళ్లకెయ్యండి."

వాళ్లు దండతోనే వెనక్కి వెళ్లారు. నేను కోపంతో, "ఏమి సాధించావమ్మా దీనివల్ల?" అని అడిగేశాను. ఆమె నన్ను ఎగాదిగా చూసి, "నువ్వు పంతులమ్మవి అవతా ఉండావు. బోర్డు మీద రాసేటప్పుడు ఎవురికి భయపడతావో తెలుసుకో. పిల్లలకు భయపడు. ఇంకెవురికీ వద్దు," అంది.

ఇదీ జరిగింది. ఆమె వీరనారి కాదు. మొండిది అంటారా, ఆ మాట నేను కాదనను. కానీ పొగరు అనకండి. పొగరు తనకోసం ఉంటుంది. ఆమె తనకోసం ఏ తలుపూ తట్టలేదు. నాలాంటి వాళ్లం ఈ జిల్లాలో ఇప్పుడు కొంతమందిమి ఆడపిల్లలకు పాఠాలు చెబుతున్నాం. మా తరగతులకు కూడా ఇన్‌స్పెక్టర్లు వస్తారు. రానివ్వండి.

ఆమె పోయిన రోజు మేము నగరి చేరేసరికి ఆమెను కొట్టం ముందు పడుకోబెట్టి ఉంచారు. ఆనాడు తలుపు దగ్గరే మాట్లాడి పంపిన సంఘం పెద్దలు వచ్చారు, తలలు వంచుకుని నిలబడ్డారు. శవాన్ని ఎత్తుకున్నారు. మా వీధిలో ఆడవాళ్లు శవం వెంట వెళ్లే ఆచారం లేదు. వాకిళ్లలో నిలబడి ఏడ్చి లోపలికి వెళ్లిపోవాలి. అవ్వ లోపలికి వెళ్లలేదు. చేతికర్ర తీసుకుని వీధిలోకి దిగింది. ఆమె వెనక అమ్మ, అమ్మ వెనక నేను, మా వెనక కొట్టంలో చదువుకున్న పిల్లలు, వాళ్ల తల్లులు.

వీధి మలుపులో మా వీధిపెద్ద అడ్డం నిలబడ్డాడు. "ఆడోళ్లు యాడికి బయల్దేరినారు? అందులోనూ వాళ్ల మతం వేరే. ఇదేమన్నా పద్ధతా?"

"నా ఇంట్లో ఉండిన మనిషి," అంది అవ్వ. "పక్కకి జరగప్పా."

ఆయన జరగలేదు. అవ్వ కర్ర ముందుకు పెట్టి, ఆయన ఒక మనిషే కాదన్నట్టు పక్కనుంచి నడిచింది. మేమంతా ఆ పక్కనుంచే నడిచాం. ఆడవాళ్లం అందరం దాటేదాకా ఆయన అక్కడే నిలబడి ఉన్నాడు. తరువాత ఏమనుకున్నాడో, తల గుడ్డ తీసి ఆయన కూడా వెంట వచ్చాడు.

శ్మశానం ఊరి బయట, కొండ వైపు. పాదిరిగారు చదివిన ప్రార్థన మాకెవరికీ రాదు. ఊరికే నిలబడ్డాం. అందరూ పిడికెడు మట్టి వేస్తుంటే అవ్వ కర్ర నాకిచ్చి, మోకాళ్ల మీద కూర్చుని, రెండు చేతులా ఎత్తి వేసింది. ఒకసారి వేసి ఊరుకోలేదు. నాయన వచ్చి భుజాలు పట్టుకుని లేపేదాకా వేస్తూనే ఉంది.

ఇంటికి వచ్చాం. చావుకు వెళ్లి వచ్చినవాళ్లు కాళ్లు కడుక్కోకుండా, తలమీద నీళ్లు పోసుకోకుండా గడప తొక్కకూడదు. అమ్మ ఇత్తడి చెంబుతో నీళ్లు తెచ్చి ఇంటి ముందు తిన్నె దగ్గర నిలబడింది. అవ్వ తిన్నె మీద కూర్చుని ఉంది. మోచేతుల దాకా ఎర్రమట్టి. గోళ్లలో మట్టి, చీర కుచ్చిళ్లకు మట్టి.

"చేతులు సాపు అత్తా, నీళ్లు పోస్తా," అంది అమ్మ.

అవ్వ రెండు చేతులూ ఒడిలోకి లాక్కుంది.

"ఉండనీ," అంది.

వీధిలో దీపాలు పెట్టే వేళయింది. ఎదురు తిన్నెల మీద వీధంతా కూర్చుని చూస్తూ ఉంది. అవ్వ అలాగే, ఎండిపోతున్న మట్టి చేతులు ఒడిలో పెట్టుకుని, వాళ్లందరినీ తిరిగి చూస్తూ కూర్చుంది.